పెద్దమ్మ పళ్ళెం

ఎదురింటి పెద్దమ్మ పోయిందన్న కబురు, మిల్లు సైరను, మా మాటలో సంగు, ఊదేలోపే మా వీధంతా పాకింది. మొదటి షిఫ్టుకు బయల్దేరినవాళ్లు సైకిళ్లు ఆపి, చెప్పులు విడిచి, ఆమె గుమ్మంలో కాసేపు నిలబడి వెళ్లారు.

మాకు రక్తసంబంధం లేదు. కోయంబత్తూరులో మా మిల్లు వీధి తెలుగిళ్లన్నీ ఏదో ఒక వరసతో ముడిపడినవే. ఆ వరసన ఆమె నాకు పెద్దమ్మ. ఉడుమలైపేట కొబ్బరితోటల నుంచి కోడలిగా వచ్చి, మిల్లులో నూలు చుడుతూ వయసంతా గడిపింది. కొంగున ఎప్పుడూ ఒక దూదిపోగు అంటుకొని ఉండేది. తీయబోతే, "ఉండనీ కన్నూ, నాకుండే నగ అదే" అనేది.

నేను కాలేజీలో పోషకాహారం చదువుతానంటే వీధి నవ్వింది. "బువ్వ వండేదానికి కాలేజీనా?" అన్నారు. ఒక్క పరీక్ష తప్పినా మిల్లులో చేర్పిస్తానని నాన్న ముందే చెప్పేశాడు. రెండో ఏడు ప్రాక్టికల్స్ వచ్చాయి. ఎవరైనా ఒకరి ఇంటికి వెళ్లి, ఎవరెంత తింటున్నారో త్రాసులో తూచి రాయాలి. తినే బువ్వను తూస్తే దిష్టి తగులుతుందని ఒక్క ఇల్లూ ఒప్పుకోలేదు.

"వీధి నోటికంటే పెద్ద దిష్టి యాడుంది? నువ్వు రా" అంది పెద్దమ్మ.

ఆదివారం వెళితే గుమ్మంలో పెద్ద ముగ్గు. లోపల వడ, పాయసం, అప్పళం, రెండు కూరలు. నా త్రాసుకు కుంకుమ బొట్టు కూడా పెట్టింది. పెదనాన్న బిత్తరపోయి, "ఏమే, ఈ పొద్దు ఏం విశేషం?" అన్నాడు.

"ఇంటికి తరాసు వచ్చింది గదా! సుమ్మా ఉండి, నోరు మెదపక తిను."

అన్నీ తూచి రాసిచ్చాను. మా టీచరు చదివి, "మిల్లు కూలీ ఇంట్లో రోజూ పెళ్లి విందా? నిజం తూచి తీసుకురా, లేకపోతే మార్కుల్లేవు" అని తిప్పి పంపింది.

చెప్పగానే పెద్దమ్మ మొహం చిన్నబోయింది. "మానం పోతాదే కన్నూ." అంతలోనే, "మార్కు పోతే నిన్ను మిల్లుకే తోల్తాడా మీ నాయన?" అంది. తలూపాను.

"అట్లయితే రేపే రా."

మర్నాడు ముగ్గు లేదు, బొట్టు లేదు. రాగిసంగటి, ఆకుకూర పులుసు. పెదనాన్న, కొడుకులు తిని సంగు వినగానే మొదటి షిఫ్టుకు పరిగెత్తారు; పెద్దమ్మది రెండో షిఫ్టు. అప్పుడు ఆమె కుండ గీకి, చిన్న ముద్ద తీసి, తన పళ్ళెంలో పెట్టి నా ముందుకు తోసింది. తూచాను. తల ఎత్తలేకపోయాను.

"ఏం చూస్తావు? రాసుకో. ఈ యమ్మ ఉప్పు చూసీ చూసీ కడుపు నింపుకుంటాదని మీ టీచరమ్మకు చెప్పు" అని నవ్వింది. వెంటనే గొంతు తగ్గించి, "మీ పెదనాన్నతో మాత్రం అనద్దు."

పాసయ్యాను. ఆ తర్వాత సెలవుల్లో సంగు ఊదగానే మా ఇంటి నుంచి కూర గిన్నె పట్టుకుని వెళ్లి, ఆమెతో కూర్చుని తినేదాన్ని. "మళ్లీ తరాసు తెచ్చినావా?" అని నా చేతులకేసి చూసేది.

కర్మ రోజున పటం ముందు అరిటాకు వేశారు. వడ, పాయసం వడ్డించాక, పెదనాన్న లేచి తన చేత్తో సంగటి ముద్ద పెట్టాడు. కాస్త చూసి, ఇంకోటి పెట్టాడు. ఆ ఇంట్లో మొదటి వడ్డన ఆమెకు జరగడం ఆ రోజే చూశాను.

సంగు ఊదింది. ఎవరూ లేవలేదు. ఎక్కణ్ణుంచో ఒక దూదిపోగు తేలుతూ వచ్చి ఆకు అంచున వాలింది. పెదనాన్న దాన్ని తీయనివ్వలేదు.