బ్యాటరీ లేని షూటింగ్

వీధిలో అందరూ అతన్ని వీడియో మామయ్య అంటారు. నిజానికి వరసకు ఎవరికీ మామయ్య కాడు. పెళ్లిళ్లకీ పుట్టినరోజులకీ వీడియోలు తీసి తీసి ఆ పిలుపు అలా అతుక్కుపోయింది. మనిషి మంచివాడే కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఫ్రేములో చెత్త కనబడకూడదన్నది అతని పట్టుదల. బకెట్ ఉంటే తీయించేస్తాడు, ముసురుకున్న జనాన్ని తోలేస్తాడు. ఇంకా ఏమైనా మిగిలితే కంప్యూటర్ ముందు కూర్చుని కోసేస్తాడు. పెళ్లికూతురు తుమ్మినా కట్, ఆమె బాబాయి ఆవులించినా కట్!

ఇంట్లో అతనూ, వాళ్లక్కా. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. బళ్లో లెక్కలు చెప్పినన్నాళ్లూ సైకిల్ మీదే వెళ్లొచ్చింది. ఈమధ్య మోకాలికి ఆపరేషన్ అయింది. "రోజూ నడవండి, కాస్త కుదుటపడ్డాక సైకిల్ తొక్కండి. లేదంటే కాలు బిగుసుకుపోతుంది" అన్నాడు డాక్టరు. చెప్పడానికేం, ఎన్నయినా చెబుతారు. నడవడానికి చోటేదీ? గేటు దాటితే ఫుట్‌పాత్ నిండా మోటారు సైకిళ్లు, వాటి పక్కన ఫ్రిజ్ మెకానిక్ గారి పాత ఫ్రిజ్‌లు. రోడ్డు మీదకి దిగితే వెనకనుంచి హారన్లు. పాపం అక్క వరండాలోనే, చెప్పుల స్టాండు నుంచి కిటికీదాకా, అటూ ఇటూ తిరిగేది. వీధి చివర లైబ్రరీ నడిపే స్నేహితురాలితో ఫోన్లోనే కబుర్లు. సైకిలేమో మెట్ల కింద దుప్పటి కప్పుకుని పడుకుంది.

అలాంటి రోజుల్లో మున్సిపాలిటీవాళ్లు ఒక ప్రకటన చేశారు. మీ వీధి నడిచేవాళ్లకీ సైకిళ్లవాళ్లకీ ఎందుకు కావాలో చిన్న ఫిల్మ్ తీసి చూపించండి, బాగుంటే ఆ వీధిని బాగుచేస్తాం అని. వీడియో మామయ్య ఎగిరి గంతేశాడు.

"అక్కా, నీ వీధి నీకు తెచ్చిపెడతా చూడు!"

"ముందు కూరగాయలు తెచ్చిపెట్టరా" అంది అక్క.

ఆదివారం పొద్దున్నే కెమెరా పట్టుకుని వీధిలో "షూటింగ్!" అని కేకేశాడు. బళ్లు తీయండి బాబూ అని అక్క ఎన్నిసార్లు బతిమాలినా కదలని జనం, షూటింగ్ అనేసరికి తల దువ్వుకుని మరీ కదిలారు. బళ్లన్నీ వెనక ఖాళీ స్థలంలోకి వెళ్లాయి. ముక్కు మీద కోపం ఉండే మెకానిక్ గారు ఫ్రిజ్‌లు లోపలికి లాక్కుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కొచ్చారు. పిల్లలు సైకిళ్లు తీశారు. అక్క చేతికర్రతో మెల్లిగా వీధి చివరిదాకా నడిచి, స్నేహితురాలి ఇంట్లో టీ తాగొచ్చింది. మామయ్య చక్కగా తీశాడు, ఇంకా చక్కగా కోశాడు.

మున్సిపల్ ఆఫీసులో ఫిల్మ్ చూసి ఇంజనీరమ్మ మురిసిపోయింది. "ఎంత ముచ్చటైన వీధండీ! ఇక్కడ మేం చేయాల్సింది ఏముంది?" అంది. మామయ్య ఆ మెచ్చుకోలుకు ముందు ఉబ్బిపోయాడు, ఆ తర్వాతే నాలుక కరుచుకున్నాడు. రోగం దాచిపెట్టి డాక్టరుకు చెయ్యి చాపినట్టయింది.

ముఖం వేలాడేసుకుని ఇంటికొచ్చి జరిగింది చెబితే, అక్క కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నవ్వి నవ్వి, చివరికి అంది: "నీ ఫిల్మ్ సంగతేమో గానీ, ఆపరేషన్ అయ్యాక నేను వీధిలో నడిచింది ఆ ఒక్కరోజేరా."

ఆ మాట అతని గుండెలో గుచ్చుకుంది. మర్నాడు పొద్దున్నే వీధిలో స్టాండు వేసి, కెమెరా నిలబెట్టి, "షూటింగ్!" అన్నాడు. జనం మళ్లీ బళ్లు తీశారు. కెమెరాలో బ్యాటరీ లేదు. ఉత్తుత్తి షూటింగుకు ఛార్జింగ్ దండగని ఇంట్లోనే వదిలేశాడు.

సాయంత్రానికి బళ్లు మళ్లీ ఫుట్‌పాత్ ఎక్కేవి, పొద్దున్నే మళ్లీ షూటింగ్. ఇంక రోజూ అదే తంతు. "ఇంకా ఎన్నాళ్లండీ?" అని మెకానిక్ గారు చిర్రుబుర్రులాడితే, "మీ సీనే సరిగ్గా కుదరట్లేదండీ" అనేవాడు. ఆయన పొంగిపోయి మర్నాడు ఇంకో చొక్కా వేసుకొచ్చేవారు. మెల్లిమెల్లిగా వీధికి ఆ ఖాళీ రుచి తెలిసింది. అరుగుల మీద కుర్చీలు వెలిశాయి, నడుస్తూ నడుస్తూ మెకానిక్ గారి దగ్గర ఆగేవాళ్లు ఎక్కువయ్యారు. అక్క చేతికర్ర మరిచిపోయి నడవడం మొదలెట్టింది. ఒకరోజు మామయ్య ఆలస్యంగా లేస్తే మెకానిక్ గారే వచ్చి తలుపు కొట్టారు. "ఏమండీ, ఇవాళ షూటింగ్ లేదా?"

ఒక పొద్దున అక్క మెట్ల కింద దుప్పటి లాగేసింది. మెకానిక్ గారు టైర్లలో గాలి కొట్టారు. అక్క కొంచెం తూలింది, అంతలోనే నిలదొక్కుకుంది. ఆపైన గంట మోగించుకుంటూ వీధి చివరిదాకా వెళ్లి, స్నేహితురాలికి చెయ్యూపి, తిరిగొచ్చింది. వీధంతా చప్పట్లు. మామయ్య కూడా కెమెరా వదిలేసి చప్పట్లు కొట్టాడు. అతను జీవితంలో తీయాల్సిన షాటంటూ ఉంటే అదే. కెమెరాలో మాత్రం చీకటి!

"బాగా వచ్చిందాండీ?" అన్నారు మెకానిక్ గారు. మామయ్య లెన్సు తుడవడం మొదలెట్టాడు.

"ఎలా వస్తుంది? బ్యాటరీ టీవీ పక్కన ఉంటేను!" అంది అక్క, సైకిల్ దిగకుండానే. "మొదటిరోజు నుంచీ అక్కడే ఉందిరా. పోయి తెచ్చుకో, మళ్లీ తొక్కుతాను."

మెకానిక్ గారు తన ఇస్త్రీ చొక్కా వంక చూసుకున్నారు. "రోజుకో చొక్కా వేశానండీ!" అని అరిచారు. మామయ్య బిక్కచచ్చిపోయి, "అయితే... బళ్లు తెచ్చేసుకుంటారా?" అన్నాడు.

ఆయన వీధిని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూశారు. కోపమంతా ఎటుపోయిందో మరి, "ముందు బ్యాటరీ తెండి, అక్కగారు ఎండలో నిలబడ్డారు" అన్నారు.

రెండో ఫిల్మ్‌లో మామయ్య ఏదీ దాచలేదు. ఫుట్‌పాత్ మీద బళ్లున్న సాయంత్రాన్నీ, వరండాలో తిరిగే అక్కనీ తీశాడు, ఆ తర్వాతే సైకిల్ మీది అక్కని. ఇంజనీరమ్మ చూసి, "ఇది ఏ వీధండీ?" అంది. "అదే వీధండీ" అన్నాడు. ఇప్పుడు ఫుట్‌పాత్ మీదకి బళ్లు ఎక్కకుండా రాళ్లు పాతారు, సైకిళ్లకి విడిగా దారి గీశారు. పక్క వీధివాళ్లు వచ్చి, మా దగ్గర షూటింగ్ ఎప్పుడని అడుగుతున్నారు.

ఆ ఫిల్మ్ చివర్లో అక్క సైకిల్ మీదనుంచి కెమెరాలోకి సూటిగా చూస్తూ, "ఈసారైనా బ్యాటరీ పెట్టావా?" అని గదమాయిస్తుంది. తుమ్మును కూడా వదలని మామయ్య, దాన్ని మాత్రం కట్ చేయలేదు.