తెర మీద పిచ్చుక పేరు

ఆ వీధిలో అతన్ని అందరూ బ్యాటరీ మేస్త్రి అనేవారు. లారీల బ్యాటరీలు విప్పి బాగుచేయడం అతని పని. ఆసిడ్ చుక్కలు పడి అతని చొక్కాలన్నీ చిల్లులే. ఉతికేటప్పుడు భార్య ఆ చిల్లుల్లోంచి వేలు బయటకు పెట్టి, ఇది చొక్కానా దోమతెరా అని ఆటపట్టించేది. కూతురు పడీపడీ నవ్వేది.

కూతుర్ని పిచ్చుక అనేవారు, నోటికి తీరిక ఉండేది కాదు కనుక. ఒకసారి ఎవరో ఆఫీసు మూసేస్తూ పనికిరాదని పక్కన పడేసిన పాత కంప్యూటర్‌ని మేస్త్రి పిల్ల కోసం ఇంటికి తెచ్చాడు. మీటలు తప్ప ఇంకేమీ లేని చిన్న పెట్టె అది. టీవీకి తగిలించాలి. దానితోపాటు ఒక క్యాసెట్‌లో ఒకే ఒక్క ఆట వచ్చింది. టేప్‌రికార్డర్‌లో వేస్తే చాలాసేపు కీచుమని గోల పెట్టి, ఆ తర్వాత తెర మీద బొమ్మ కట్టేది. వంటింట్లోంచి తల్లి, ఆ పిల్లుల కొట్లాట ఇంకా తేలలేదా అని అడిగేది.

ఆటలో సున్నం బకెట్టు పట్టుకున్న బుల్లి మనిషి ఒకడు నిచ్చెనలెక్కుతూ, అటకల మీంచి అటకల మీదకు గెంతుతూ, గోడలన్నిటికీ వెల్ల వేసుకుంటూ పోవాలి. పైనుంచి ఇటుకలు పడుతుంటాయి, కుక్క తరుముతుంది. పిచ్చుక వాణ్ని సున్నం బాబాయి అని పిలిచేది. వాడు పడిపోయినప్పుడల్లా, "చూసుకుని నడవొద్దా బాబాయ్" అని పెద్ద ఆరిందాలా మందలించేది. ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నవాళ్ల పేరు తెర మీద వరసలో నిలుస్తుంది. కానీ కరెంటు ఉన్నంతసేపే. ఆపితే అన్నీ చెరిగిపోయి ఆట మళ్లీ మొదటికొస్తుంది. అందుకని ప్రతి సాయంత్రం పిచ్చుక మొదటినుంచీ ఎక్కాల్సిందే.

ఒకరోజు జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా వినకుండా కూర్చుని ఆడింది. ఎన్నడూ రానన్ని పాయింట్లు వచ్చాయి. పై వరసలో తన పేరు కొట్టుకుని, నాన్న వచ్చి చూసేదాకా ఎవరూ ఆపకూడదని తల్లికి గట్టిగా చెప్పి పడుకుంది. మేస్త్రి వచ్చేసరికి పిల్లకు స్పృహ లేదు. అటునుంచి అటే ఆస్పత్రికి ఎత్తుకుపోయారు. పిచ్చుక మళ్లీ ఇల్లు చేరలేదు.

అన్నీ అయ్యాక ఇంటికొచ్చి చూస్తే కంప్యూటర్ ఇంకా ఆన్‌లోనే ఉంది. టీవీ పెట్టగానే పేరు కనబడింది. మేస్త్రి దుకాణానికి వెళ్లి ఒక లారీ బ్యాటరీ మోసుకొచ్చాడు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊరది. ఆ పెట్టెకు సరిపడేలా కరెంటు తగ్గించే చిన్న డబ్బా ఒకటి తయారుచేసి, గోడ తీగ తియ్యకముందే పెట్టెను బ్యాటరీకి తగిలించాడు. అప్పటినుంచి రెండు బ్యాటరీలు వంతులవారీగా ఆ గదిలో కాపలా కాశాయి. రోజూ పొద్దున్నే నిండినదాన్ని తెచ్చి పాతదాని పక్కనే కలిపేవాడు. అది అందుకున్నాకే పాతదాన్ని విప్పేవాడు. అన్నం దగ్గర కూర్చున్నా అతని చెవి ఆ గదిలోనే ఉండేది. దుకాణంలో గానీ ఆస్పత్రిలో గానీ అతని కంట చుక్క నీరు ఎవరూ చూడలేదు.

భార్య అన్నయ్య ఒకసారి వచ్చి, ఇంట్లో ఆసిడ్ పెట్టుకుని ఏం కాపురం బావా, ఆపేయరాదూ అన్నాడు. మేస్త్రి అన్నం మధ్యలోనే లేచి చేయి కడుక్కున్నాడు. అన్నయ్యని వీధి చివరిదాకా సాగనంపుతూ ఆమె, ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తొద్దని బతిమాలుకుంది. రోజూ మేస్త్రి పనికెళ్లాక టీవీ పెట్టుకుని ఆ పేరు ముందు కూర్చునేది ఆమే. చదువు అంతంతమాత్రం. ఆ అక్షరాలు మాత్రం చూపుతోనే పట్టుబడ్డాయి.

ఒక తెల్లవారుజామున దూరంగా రోడ్డు మీద లారీ ఆగిపోయిందని కబురొస్తే మేస్త్రి వెళ్లాల్సి వచ్చింది. గుమ్మం దగ్గర ఆగాడు.

"ముందు కొత్తది కలుపు. ఆ తర్వాతే పాతది తియ్యి."

"తెలుసులెండి. రోజూ చూడ్డంలా?"

చూడ్డం వేరు, చెయ్యడం వేరు. కొత్తగా దుకాణం పెట్టినప్పుడు పనివాళ్లు లేక ఆమే అతనికి చేయందించేది. ఒకనాడు పానా తగిలి నిప్పురవ్వ లేచి బ్యాటరీ పేలింది. అతని గడ్డం మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఆనాటినుంచి, బ్యాటరీ మీద చెయ్యి వేసే ముందు నల్ల తీగ ఊడదియ్యి అని ఆమెకు నూరిపోశాడు. నిద్రలో లేపి అడిగినా అదే చెప్పేది.

ఆ పొద్దున ఆమె టీవీ పెట్టి పేరు చూసుకుంది. కొత్త బ్యాటరీని పక్కకు జరుపుకుంది. పానా పట్టుకుని వంగింది. మనసు అతని మాటనే వల్లె వేస్తోంది. చెయ్యి మాత్రం పాత భయంతో తన దారిన తాను పోయి పాతదాని నల్ల తీగ విప్పేసింది.

టీవీ బుస్సుమంది. గబగబా తీగ తగిలించింది. తెర తెల్లగా వచ్చింది, ఏమీ ఎరగని పసిబిడ్డలా. పిచ్చుక పోయిన రోజున వచ్చిన ఏడుపు ఆమెకు మళ్లీ అదే చోటునుంచి వచ్చింది.

సాయంత్రం మేస్త్రి వచ్చేసరికి ఆమె ఆ గదిలోనే నేల మీద కూర్చుని ఉంది. తెర చూశాడు. అడగాల్సిన పని లేకపోయింది.

"ముందు ఏది తీశావు?" అన్నాడు.

"నల్లది."

అతను గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. "నేను నేర్పిందేగా."

"తిట్టండి. ఒక్క మాటైనా అనండి."

అతను చిల్లుల చొక్కా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదలడం చూసి గానీ ఏడుస్తున్నాడని ఆమెకు తెలియలేదు. పక్కకు జరిగి వీపు మీద చెయ్యి వేసింది.

కాసేపటికి అతను మొహం తుడుచుకుని, ఎన్ని పాయింట్లో నీకు గుర్తుందా అని అడిగాడు.

"పదిహేడు వేల నాలుగు వందల అరవై."

"ఇంకోసారి చెప్పు."

ఆమె మళ్లీ మొదలుపెట్టింది. నాలుగు వందల దగ్గర ఆగిపోయింది. ఆ అరవై అతను చెప్పాడు.