మా బాయి మీద ఆమె నవల

1972లో నాకు ఓవర్‌మాన్‌గా ప్రమోషన్ ఇచ్చి కొత్తగూడెం నుంచి గోదావరిఖనికి బదిలీ చేశారు. ఒక షిఫ్టులో గని లోపల, మావాళ్ల మాటలో బాయి లోపల, జరిగే పనికి ఓవర్‌మాన్ బాధ్యుడు. అతని పైన అండర్‌మేనేజర్, మేనేజర్ ఉంటారు. కింద, గనిలో ఒక్కో భాగం చూసుకునే సర్దార్లు ఉంటారు. ఓవర్‌మాన్ పైకప్పును కర్రతో తట్టి, వచ్చే శబ్దాన్నిబట్టి అది గట్టిగా ఉందో లేదో చెప్పాలి. గ్యాస్ ఉందేమో చూడాలి. అనుమానం వస్తే పని ఆపించి మనుషుల్ని బయటికి పంపాలి. మా నాన్న కోల్ ఫిల్లర్. బొగ్గును తట్టలకెత్తి, పట్టాల మీద నడిచే టబ్బుల్లో నింపుతూ జీవితమంతా గడిపాడు. కొడుకు ఓవర్‌మాన్ అయ్యాడని మా చర్చిలో ప్రత్యేక ప్రార్థన చేయించాడు.

నాకు పుస్తకాల పిచ్చి. అందులోనూ ఒక రచయిత్రి నవల వచ్చిందని తెలిస్తే చాలు, వారపు సెలవు రోజున సైకిలెక్కి రామగుండం స్టేషన్లోని పుస్తకాల దుకాణానికి వెళ్లేవాణ్ని. కథ దేని గురించో కూడా అడిగేవాణ్ని కాదు. దుకాణం ఆయన నా కోసం ఒక ప్రతి పక్కన పెట్టి ఉంచేవాడు. మా ఆవిడ మార్తమ్మ, "బియ్యం మరుస్తవు గని ఆమె పుస్తకం మరువవు," అనేది. అంటూనే నాకంటే ముందు చదివేసేది.

ఆమె నవలల్లో మనుషులు ఊరికే ప్రేమించుకుంటూ, ఏడుస్తూ కూర్చోరు. పని చేస్తారు. మగ్గం నేసేవాడి వేళ్లు ఎలా ఉంటాయో, కుండ కాలిందని కుమ్మరికి ఎలా తెలుస్తుందో ఆమె రాస్తే నమ్మబుద్ధయ్యేది. నేను ఆమె పుస్తకాలన్నీ కొన్నది అందుకే.

నేను బదిలీ అయిన మరుసటి ఏడాది మా కాలనీ మహిళా మండలి వార్షికోత్సవానికి ఆమె అతిథిగా వచ్చారు. బొగ్గు గని మీద నవల మొదలుపెట్టానని, ఒక్కసారి లోపలికి దిగి చూడాలని మేనేజర్‌గారిని అడిగారు. ఆడవాళ్లను భూగర్భంలో పనికి పెట్టకూడదని గనుల చట్టం. చూడటానికైనా సరే, తాను దింపలేనని మేనేజర్‌గారు మర్యాదగానే చెప్పి, ఆమెను నాకు అప్పగించారు. గని పైన ఉన్నవన్నీ చూపించి, అడిగినవాటికి జవాబు చెప్పమన్నారు.

ల్యాంప్ రూము చూపించాను. టోపీకి తగిలించుకునే దీపాలు అక్కడే చార్జి అవుతాయి. టబ్బుల్ని తాడుతో పైకి లాగే ఇంజను చూపించాను. చివరికి గని నోటి దగ్గరికి తీసుకెళ్లాను. మాది ఇంక్లైన్, అంటే ఏటవాలుగా లోపలికి దిగే గని. లోపలికి పోయే గాలి ఆమె చీర కొంగును చీకటివైపు లాగింది. ఆమె కొంగు సర్దుకోకుండా చాలాసేపు అలాగే నిలబడ్డారు.

మధ్యాహ్నం మొదటి షిఫ్టు దిగి స్నానాలు చేసిన కొందరు కార్మికుల్ని గెస్ట్‌హౌస్‌కు రమ్మన్నాను. ఆమె తాను రాసిన ఒక అధ్యాయం చదివి వినిపించారు. పైకప్పు కూలి ఒక కార్మికుడు బండ కింద ఇరుక్కుంటాడు. అతని స్నేహితుడు అగ్గిపుల్ల గీసి, ఆ వెలుగులో అతని ముఖం చూస్తాడు. చదవడం అద్భుతంగా చదివారు.

పూర్తయ్యాక టింబర్‌మాన్ కొమురయ్య తల వంచుకున్నాడు. పైకప్పు కింద దిమ్మెలు నిలబెట్టే పని అతనిది. అందరికీ తప్పు తెలిసింది. పెద్దమనిషి, పైగా ఆడమనిషి, అంత దూరం నుంచి వచ్చారని ఊరుకున్నారు. ఆమెను చూడాలని ఏళ్లుగా అనుకున్నవాణ్ని. ఆమె మొదటిసారి నా ఎదుట కూర్చుంటే, ఆమె రాసింది తప్పని నేనే చెప్పాలి. చెప్పకపోతే అది పుస్తకమైపోతుంది. మావాళ్లు దాన్ని చూసి నవ్వుతారు.

"మేడం, బాయిల అగ్గిపుల్ల గియ్యరు," అన్నాను. "గ్యాస్ ఉంటది. బీడీలు, అగ్గిపెట్టె ఉన్నయేమోనని బాయి నోటికాడనే అందరిని తడిమి చూసి పంపుతం. మీ కథల గాయిన అగ్గిపుల్ల గీస్తే, ఆయన దోస్తుతోని పాటు బాయి అంత పోతది."

ఆమె ముఖం ఎర్రబడింది. కలం తీసి ఆ పేరా కొట్టేశారు. "మరి టోపీ దీపం వెలుగులో స్నేహితుడి ముఖం చూస్తాడాండీ?" అని అడిగారు.

నేను నోరు తెరిచేలోపే కొమురయ్య అందుకున్నాడు.

"చూడడమ్మా. బాయిల ఎవ్వని మొకం మీద లైటు కొట్టం. కండ్లు చెదురుతయ్. మా బావ రాజలింగు మీద బండ పడ్డనాడు గుడ, నేను టోపీ తీసి లైటు గోడ దిక్కు తిప్పిన. చెయ్యి పట్టుకొని కూసున్న. చెయ్యి సల్లవడ్డది గదే నాకెరుక. బయటికి తెచ్చినంకనే మొకం చూసిన."

ఆమె రాసుకోవడం ఆపి, "ఇది నా నవలలో పెట్టుకోవచ్చా? పేరు మారుస్తాను," అన్నారు.

"పేరు మార్చకుండ్రి. ఆ పేరు ఇప్పుడెవ్వలు పిలుస్తలేరు," అన్నాడు కొమురయ్య.

ఏడాది తిరిగాక నవల వచ్చింది. స్టేషన్ దుకాణంలో ఈసారి ఒక ప్రతితో సరిపెట్టలేదు, ఉన్నవన్నీ తెచ్చేశాను. ఆదివారం ప్రార్థన అయ్యాక మార్తమ్మను వెంటబెట్టుకొని కొమురయ్య క్వార్టరుకు వెళ్లాను. రాజలింగు భార్య లచ్చవ్వను, అంటే కొమురయ్య అక్కను, కూడా పిలిపించారు. ఆమెకు చదువు రాదు. ఆ అధ్యాయం నేను చదివాను. అగ్గిపుల్ల లేదు. గోడవైపు తిప్పిన దీపం ఉంది, పట్టుకున్న చెయ్యి ఉంది, రాజలింగు పేరు ఉంది. కొమురయ్య చెప్పని మాట ఒక్కటీ రచయిత్రి చేర్చలేదు.

లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని విన్నది. నేను ఆపగానే, "గా పేరు వచ్చినకాడ మల్లొకపారి సదువు సారూ," అన్నది. చదివాను. పక్క క్వార్టర్లవాళ్లు వాకిట్లో చేరారు. వాళ్ల కోసం మళ్లీ మొదటి నుంచి చదివాను.

తర్వాత కొత్త కార్మికులకు శిక్షణ ఇచ్చే కేంద్రానికి నన్ను పంపారు. దెబ్బ తిన్న మనిషి దగ్గర ఎలా మసలుకోవాలో చెప్పే పాఠంలో, రూల్సు చెప్పాక ఆ పేజీలు చదివేవాణ్ని. రిటైరయ్యేదాకా చదివాను. రూల్సు మళ్లీ చెప్పమని ఎవరూ అడగలేదు, ఆ పేజీలు మాత్రం అడిగేవారు.

పైకప్పు బాగాలేకపోతే మేనేజర్ ఎదురుగా ఉన్నా బాగాలేదని చెప్పాలి. ఓవర్‌మాన్ ఉద్యోగం నేర్పేది అదే. ఎంతో ఇష్టపడి చదివే రచయిత ముందు కూడా ఆ నియమం మారదని ఆ మధ్యాహ్నం తెలుసుకున్నాను. విని దిద్దుకోగలిగిన రచయిత్రి పుస్తకాలనే అన్నేళ్లు కొన్నందుకు నా ఎంపిక మీద నాకు గర్వం.