కోతపండుగలో అమ్ముడుపోయిన ఆవు

ఆ రోజుల్లో నేను లేకపోతే దేవుడి పని ఒక్క అడుగు కూడా ముందుకు సాగదని నాకు గట్టి నమ్మకం. ఇరవై రెండేళ్ళ వయసు, పుంగనూరులోని మా చిన్న సంఘంలో యవ్వనస్థుల కార్యదర్శి పదవి, దానికి తోడు దేవుడిచ్చిన గొంతు. (గొంతు ఇచ్చింది ఆయనే గానీ, దాన్ని అంతగా వాడమని చెప్పినట్టు నాకు గుర్తులేదు.) చర్చిలో మైకు కనబడితే చాలు, నా చెయ్యి దానంతటదే ముందుకు వెళ్ళేది. ప్రకటనలు చదివేది నేనే, పాట ఎత్తుకునేది నేనే, ఎవరైనా సాక్ష్యం చెప్పండి అంటే అందరికంటే ముందు లేచేదీ నేనే. చాపలు పరిచేటప్పుడు, ఆవరణ ఊడ్చేటప్పుడు, వంట గిన్నెలు తోమేటప్పుడు మాత్రం ఎక్కడో ఒక అర్జెంటు పని తగులుకునేది. "నీ భక్తంతా కరెంటు ఉన్నంతసేపేరా" అనేది మా అమ్మ. అసూయతో అంటోందనుకునేవాణ్ణి.

అప్పుడు నా ఉద్యోగం మదనపల్లెలో ఒక టమాట మండీలో చీటీలు రాయడం. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, సాయంత్రానికి చొక్కా నిండా టమాట వాసనతో తిరిగొచ్చేవాణ్ణి. మండీకి ఒక ధర్మం ఉంది. గేటు దాటి లోపలికి వచ్చిన సరుకేదైనా అమ్మకానికి వచ్చినట్టే. ఇది ఎవరిది, ఎందుకు తెచ్చారు అని వేలం పాడే మనిషి అడగడు. సరుకు ముందు నిలబడతాడు, పాట మొదలెడతాడు, మూడోసారి అనేస్తాడు, పక్క సరుకు దగ్గరికి వెళ్ళిపోతాడు. ఏడాదిపాటు అది చూసీ చూసీ నాకు నిద్రలో కూడా "ఒకటోసారి, రెండోసారి" వచ్చేది. ఆ విద్యను దేవుడి సేవకు ఎలా వాడాలా అని ఎదురుచూస్తూ ఉన్నాను.

ఆ ఏడు కోతపండుగ వచ్చింది. మా సంఘంలో ఆ రోజు ఎవరింట్లో పండింది వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడతారు. గుమ్మడికాయలు, చెనక్కాయలు, రాగులు, కోళ్ళు, ఎప్పుడైనా ఒక పొట్టేలు. ప్రార్థన అయ్యాక వాటిని ఆవరణలోనే వేలం వేస్తారు. వచ్చింది దిక్కులేని ఆడవాళ్ళ బియ్యానికీ పిల్లల చదువులకీ పోతుంది. ఏటా వేలం పాడే పెద్దాయనకు ఆ ఏడు జలుబు చేసి గొంతు పూడుకుపోయింది. (ఆ వార్త విని నేను లోలోపల స్తోత్రం చెప్పుకున్న మాట ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.) మైకు నా చేతికొచ్చింది.

ఇంక చూడండి నా వీరంగం. గుమ్మడికాయలు నిమిషాల్లో అయిపోయాయి. కోళ్ళు కూతపెట్టేలోపే చేతులు మారాయి. జనం నవ్వుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు. మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, లోపల అతిథులతో ఉన్నారు. ఆయన భార్యను మేమంతా అమ్మగారంటాం, ఆవిడ వెనక విందు వంట దగ్గర ఉంది. నన్ను ఆపేవాళ్ళెవరూ లేరు. తిరిగి చూస్తే కానుగ చెట్టుకు ఒక ఆవు కట్టి ఉంది. మా పుంగనూరు పొట్టి జాతి, తెల్లటిది, నా నడుముకు మించి ఎత్తు లేదు. కొమ్ములకు పసుపు, నుదుట ఇంత కుంకుమ బొట్టు. ఆ బొట్టు చూసైనా బుద్ధున్నవాడెవడూ ఒక్క క్షణం ఆగకుండా ఉండడు. నేను ఆగలేదు సరికదా, దానికి మైకులో అర్థం కూడా చెప్పాను. "ప్రియులారా, దేవుడి మేలు పొందిన ఏదో కొత్త కుటుంబం, కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియకుండా ఈ ఆవును కట్టి వెళ్ళింది!" ఆవరణంతా ఒకటే హల్లెలూయా. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. "ఎంత బాగా మేపారో చూడండి, కడుపు ఎంత నిండుగా ఉందో!" అన్నాను. ఆవు నావైపు అదోలా చూసింది. కుప్పం నుంచి వచ్చిన ఒకాయన, అయ్యగారికి పాత స్నేహితుడు, గ్రానైటు రాళ్ళ వ్యాపారం కాబట్టి మేమంతా గ్రానైటన్న అనేవాళ్ళం, ఇంట్లో ముసలి తల్లికి కాలక్షేపంగా ఉంటుందని దాన్ని పాడుకున్నాడు. ఎండ ముదరకముందే వెళ్ళాలని విందు కూడా తినకుండా, చిన్న వ్యానులో ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. నేను రెండుసార్లు బిర్యానీ పెట్టించుకుని, నలుగురి మెచ్చుకోళ్ళూ విని, చెట్టు నీడన పడుకున్నాను.

సాయంత్రం ఎవరో తట్టి లేపారు. చూస్తే పాలవ్వ. చర్చి గోడకు ఆనుకునే ఆమె ఇల్లు. మొగుడు పోయాక ఒక ఎనుమునూ (మావైపు గేదెను అలాగే అంటాం) ఒక ఆవునూ పెట్టుకుని, ఇంటింటికీ పాలు పోసుకుని బతుకుతోంది. శనివారాలు ఒక్కపొద్దుండే మనిషి, మా పాటలు గోడ అవతలి నుంచి వినడం తప్ప చర్చిలోకి ఎప్పుడూ రాలేదు. నాకు మైకప్ప అని పేరు పెట్టింది ఆమే.

"మైకప్పా, నా ఆవు యాడప్పా?"

"ఏ ఆవవ్వా?" అన్నాను గానీ, అప్పటికే నా కళ్ళు కానుగ చెట్టు వైపు పోయాయి.

"ఈ కానుగ సెట్టుకు కట్టేసి పోయినా గదా పొద్దున! చౌడేపల్లెలో నా బిడ్డకు ఒళ్ళు బాగలేదంటే ఉన్నపళాన పోవాల్సి వచ్చె. ఇదేమో నిండు చూలుది, నేడో రేపో ఈనేట్టుండాది. ఒంటిగా యాల ఇడిసిపెట్టేదని, అమ్మగారికి సెప్పి ఈడ కట్టినా."

నిండు చూలు! నేను మైకులో వర్ణించిన నిండు కడుపు! అమ్మగారికి చెప్పిందట. ఆవిడ వంట హడావుడిలో మర్చిపోయింది. అప్పుడైనా నిజం చెప్పాలి కదా? నా నోట్లోంచి వచ్చిన మాట ఏమిటంటే, "మేతకు తోలుకుపోయినారవ్వా, మా సంఘమోళ్ళు."

"సల్లగుండండి నాయనా" అంది పాలవ్వ. "దేవుడింట్లో కట్టినాంక నాకేం బయం? దోవలో ఒక్కసారన్నా దాన్ని తలుసుకోలేదు సూడు." నా తల నిమిరి ఇంటికి వెళ్ళింది. పదహారేళ్ళు దాటినా ఆ చెయ్యి నా తలమీద ఉన్నట్టే ఉంటుంది. జీవితంలో అంత సిగ్గు నాకు మళ్ళీ ఎప్పుడూ వేయలేదు.

పరుగెత్తి అయ్యగారి కాళ్ళ మీద పడ్డాను. ఆయన వెంటనే కుప్పానికి ఫోను చేశారు. స్విచ్చాఫ్. మళ్ళీ చేశారు. మళ్ళీ అదే. అప్పటికే నా దగ్గర ఒక పథకం తయారుగా ఉంది. గుట్టుగా కుప్పం వెళ్ళి ఆవును తెచ్చి చెట్టుకు కట్టేస్తే, మేతనుంచి వచ్చిందవ్వా అనవచ్చు, ఎవరికీ ఏమీ తెలియదు. అయ్యగారు ఓపికగా అంతా విని, చెప్పులు వేసుకున్నారు. "ఆవు దొరుకుతుందో లేదో దేవుడికెరుక నాయనా. ఆమెకు నిజం తెలియడం మాత్రం మన చేతిలో ఉంది. పద."

నన్ను ముందుకు నెట్టి, ఇదిగో వీడే అంటారనుకుని ఆయన వెనకే నక్కి నడిచాను. ఆయన పాలవ్వ గుమ్మం ముందు నిలబడి రెండు చేతులూ జోడించారు. "అవ్వా, మావల్ల పెద్ద తప్పు జరిగింది. నీ ఆవును కానుకనుకుని వేలంలో అమ్మేశాం. కుప్పం పోయింది." నా పేరే ఎత్తలేదు. ఎత్తితే ఎలాగైనా తప్పించుకునేవాణ్ణేమో, ఎత్తకపోయేసరికి నావల్ల కాలేదు. "నేనే అవ్వా, నేనే పాడినాను. మేతకు పోయిందని చెప్పింది కూడా అబద్ధం" అని ఏడ్చేశాను. ఇరుగుపొరుగు పోగయ్యారు. ఎవరో పోలీసు స్టేషనన్నారు. పాలవ్వ అరుగుమీద కూలబడింది. చివరికి "ఊరుకోండప్పా, దొంగలైతే ఇంటికొచ్చి సెప్తారా?" అని వాళ్ళను పంపేసింది. తర్వాత నన్ను ఒకే ఒక్క మాట అడిగింది. "పొయ్యేముందు దానికి నీళ్ళన్నా తాపినారా?"

తాపలేదు. ఆ సంగతి నాకు తోచనే లేదు.

ఎనుమును అమ్మగారికి అప్పగించి, మర్నాడు మొదటి బస్సుకు ముగ్గురం బయలుదేరాం. పలమనేరు, వీకోట మీదుగా కుప్పం మూడు గంటల దారి. ఆ దారిలో ఎన్ని గుంతలున్నాయో నాకు అంతకుముందు తెలియదు. గుంత వచ్చినప్పుడల్లా పాలవ్వ కడ్డీ పట్టుకుని "ఈడ ఎగిరిపడింటాది తల్లి" అనేది. స్పీడు బ్రేకరు వస్తే "ఈడ కింద పడింటాది" అనేది. నన్ను తిట్టడం లేదు, తనలో తనే అనుకుంటోంది. నేను కిటికీ పక్కన ముడుచుకుని, జీవితంలో మొదటిసారి, శబ్దం లేకుండా ప్రార్థన చేశాను. ప్రభువా, మైకు ఇక ముట్టను, ఆవును మాత్రం బతికించు అని. (మైకు సంగతి తర్వాత కొంచెం సవరించుకున్నాం.)

కుప్పంలో గ్రానైటన్న ఇల్లు కనుక్కునేసరికి పొద్దు బాగా ఎక్కింది. గేటు తీసిన మనిషిని మొదట గుర్తుపట్టలేదు. తెల్లచొక్కా, బంగారు గడియారం వేసుకునే గ్రానైటన్న బనియను మీద, మోకాళ్ళదాకా పేడతో, ఒళ్ళంతా గడ్డి పరకలతో నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే చెయ్యెత్తాడు. కొడతాడని కళ్ళు మూసుకున్నాను.

"ఏమప్పా, ఒక ఆవును పాడి రెండిచ్చినావే!" అన్నాడు.

వ్యానులోంచి దించగానే వాళ్ళమ్మ ఒక్క చూపులో కనిపెట్టేసిందట. "అడపావీ, ఇది ఇయ్యాలో రేపో ఈనేదిరా, దీన్ని బండెక్కిచ్చి తెచ్చినావా!" అని కొడుకును చెంబుతో కొట్టబోయిందట. (అడపావీ అంటే ఓరి పాపీ అని. ఆమెకు కోపం వస్తే తమిళం తోసుకొస్తుంది.) అప్పటినుంచి తల్లీకొడుకులు ఆవు పక్కనే కూర్చున్నారు. తొట్టిలో నీళ్ళు నింపే తొందరలో ఫోను అందులో పడిపోయిందట. తెల్లవారుజామున ఈనిందట. పెరట్లోకి వెళ్ళి చూస్తే, మెత్తటి గడ్డి పరుపు మీద మా ఆవు, దాని పొట్ట కింద తడి ఇంకా ఆరని పెయ్యదూడ. పాలవ్వ ఒక్క కేక పెట్టి పరిగెత్తింది. ఆవు తలెత్తి ఆమె చీర కొంగు నాకింది. నేను గోడ పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయాను. ఆ క్షణంలో నాకు పట్టిన హాయి చెప్పడానికి ఇప్పటికీ మాట దొరకదు.

అయ్యగారు జరిగింది చెప్పి క్షమాపణ అడగబోతే గ్రానైటన్న మధ్యలోనే ఆపేశాడు. ఆవూ దూడా అవ్వవేనన్నాడు. తాను పాడిన డబ్బు దేవుడికిచ్చింది గనక వెనక్కి తీసుకోనన్నాడు. వాళ్ళమ్మ మాత్రం పది రోజులదాకా పచ్చి బాలెంతను కదిలిస్తే ఊరుకోనని, పాలవ్వను కూడా అక్కడే ఉండమని పట్టుబట్టింది. "మరి నా ఎనుము? నా పాల ఇండ్లు?" అంది పాలవ్వ. పెరట్లో ఉన్నవాళ్ళంతా ఒకేసారి నావైపు తిరిగారు. ఆవు కూడా.

అలా నా సేవ మొదలైంది. మండీకి పది రోజులు సెలవు పెట్టి పొద్దున్నే పేడ ఎత్తాను, కుడితి కలిపాను. ఎనుము నన్ను దగ్గరికి రానివ్వలేదు. చివరికి అమ్మగారి సలహామీద పాలవ్వ చీర తలమీద కప్పుకుని కూర్చుంటే పాలిచ్చింది. (ఆ వేషంలో నన్ను చూసిన మా పాటల బృందం వారం రోజులు పాట అందుకోలేకపోయింది.) అసలు శిక్ష అది కాదు. క్యాను పట్టుకుని ఏ గుమ్మం ముందు నిలబడినా "పాలవ్వ యాడికి పోయిందప్పా?" అని అడిగేవాళ్ళు. అబద్ధాలు మానేశాను కాబట్టి మొత్తం కథ చెప్పాల్సి వచ్చేది. పదకొండు ఇళ్ళు, పూటకు పదకొండు సాక్ష్యాలు, మైకు లేకుండా. వాళ్ళు నవ్వేవాళ్ళు. మూడోరోజుకు నేనూ నవ్వడం నేర్చుకున్నాను. అప్పటిదాకా ఆ వీధిలో నన్ను ఇంట్లోకి పిలిచినవాళ్ళు లేరు. పదోరోజుకు నాలుగిళ్ళలో కాఫీ ఇచ్చారు.

పాలవ్వ ఆవుతోనూ దూడతోనూ, కుప్పం అవ్వ ఇచ్చిన పచ్చడి జాడీతోనూ తిరిగొచ్చింది. ఎనుమును చుట్టూ తిరిగి చూసి, డొక్కలు తడిమింది. నెల తిరక్కుండానే మళ్ళీ చౌడేపల్లె వెళ్ళాల్సిన పని పడింది. ఆవును తోలుకుని చర్చి ఆవరణలోకి వచ్చింది. అమ్మగారు వాకిట్లోనే ఉంది, అయ్యగారు ఉన్నారు. వాళ్ళను దాటుకుని నేరుగా నా దగ్గరికి వచ్చి పలుపు నా చేతిలో పెట్టింది. సాయంత్రం ఆమె వచ్చేవరకు పలుపు వదలకుండా, అన్నానికి కూడా లేవకుండా అక్కడే కూర్చున్నాను. నీళ్ళు మాత్రం నాలుగుసార్లు తాపాను.

ఆటో దిగి నన్ను చూసి పాలవ్వ పకపకా నవ్వింది. "సెట్టుకు కట్టేసి పోకూడదేమప్పా?"

"బయమవ్వా. ఎవరైనా..."

"ఎవరైనా అమ్మేస్తారనా? అమ్మేటోడివి నువ్వొక్కడివే గదరా ఈ ఊర్లో! నీ సేతికే ఇచ్చినాంక ఇంగ నాకేం బయం?"

ఇప్పుడు నాకు నలభై దగ్గర పడుతోంది, గొంతు కూడా కాస్త అరిగింది. ఏటా కోతపండుగలో వేలం పాడమని మైకు తెచ్చిస్తారు, వద్దని చెప్పి వెనక వంట గిన్నెల దగ్గరికి పోతాను. బూడిదతో గుండిగ తోముతూ ఆ ఇరవై రెండేళ్ళ మైకప్పను తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం ముద్దు కూడా వస్తాడు వెధవ.