అంచు గుంటలు

ల్యాబ్‌లో ఆమెను అందరూ కోడిపెట్ట అంటారు. రోగుల కణితుల నుంచి తీసిన కణాలను ఇంక్యుబేటర్‌లో వెచ్చగా ఉంచి పెంచడం ఆమె పని. సెలవు రోజున కూడా వచ్చి వాటి మేత మార్చి వెళ్లే మనిషికి ఆ పేరు అతికినట్టు సరిపోయింది.

ఈసారి పొదగడానికి వచ్చినవి ఆమె అక్క కణాలు.

అక్క ఊపిరితిత్తుల కేన్సర్‌కు ఇచ్చిన మాత్ర మొదట్లో బాగా పనిచేసింది. తర్వాత కణితి దానికి లొంగడం మానేసి మళ్లీ పెరగసాగింది. ఏ జన్యువు అండ చూసుకుని అలా మొండికేసిందో తెలియాలి. అందుకని చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలకల్లో అక్క కణాలు పోసి, ఒక్కో గుంటలో ఒక్కో జన్యువు నోరు నొక్కి, అన్నిటికీ అదే మందు వేశారు. ఎక్కడ కణాలు చస్తే అక్కడ నోరు మూసిన జన్యువే కణితికి అండ. దాన్ని అడ్డుకునే మందు ఉంటే అక్కకు ఇంకో దారి దొరికినట్టే.

"ఇవి వేరేవాళ్లు చూస్తారులేమ్మా," అంది ల్యాబ్ పెద్ద.

"నన్నే చూడనివ్వండి మేడమ్," అని ఈమె బతిమాలింది.

ఇంక్యుబేటర్ తలుపు ఊరికే తీయకూడదు. తీసినప్పుడల్లా లోపలి తేమ పోయి, పలక అంచున ఉన్న గుంటలు ముందుగా ఆరిపోతాయి. కొత్తవాళ్లకు ఈ మాట నేర్పేది కోడిపెట్టే. కానీ అక్క దగ్గు విని వచ్చిన పొద్దున ఆమె చేయి ఆగేది కాదు. 'ఒక్కసారి చూసి మూసేస్తా దేవుడా' అనుకుంటూనే మళ్లీ మళ్లీ తీసింది.

ఫలితం వచ్చిన రోజు మేడమ్ ముఖం వెలిగిపోయింది.

"దొరికిందమ్మా! ఈ అంచు వరస చూడు, అన్నీ చచ్చాయి. వీటిలో ఒకదానికి మందు కూడా ఉంది. అంచు కదా అని అనుమానించేదాన్నే. నీ చేతి పలకలు కాబట్టి భయం లేదు. రేపు డాక్టర్‌గారితో మాట్లాడతా."

తాను తలుపు తీసిన పొద్దులన్నీ కోడిపెట్టకు గుర్తొచ్చాయి. నీరు ఆవిరైతే మందు చిక్కబడుతుంది. ఆ చిక్కదనానికే కణాలు చచ్చాయేమో! నోరు విప్పితే పని మళ్లీ మొదటికి వస్తుంది. అందాకా అక్క ఉంటుందా?

సాయంత్రం ఇంటికి వెళ్తే, అక్క దిండు కావలించుకుని మంచం మీద కూర్చుని ఉంది.

"ఏమే, ముఖం అలా మాడ్చుకున్నావేం?"

చెల్లెలు అంతా చెప్పేసింది. అక్క నవ్వబోయి దగ్గింది.

"మాటిమాటికి లేపితే పెట్ట కింద గుడ్లు మురిగిపోవూ? చిన్నప్పుడూ ఇంతే. పిల్లలయ్యాయా అని దాన్ని కుదురుగా కూర్చోనిచ్చేదానివి కాదు."

"మళ్లీ చేస్తే చాలా ఆలస్యమవుతుందక్కా."

"తప్పు మందు మింగి తొందరగా పొమ్మంటావా? వెళ్లి చెప్పు."

మర్నాడు అంతా విన్నాక మేడమ్ తన స్టూలే ఇటు జరిపింది. "కూర్చోమ్మా. గడ్డకట్టించి దాచిన కణాలు ఇంకా ఉన్నాయిగా. కరిగించు."

ఈసారి అంచు గుంటల్లో ఉత్త నీళ్లే పోసి, కణాలన్నీ లోపలి గుంటల్లోకి మార్చారు. గాజుసామాను కడిగే అవ్వ తన తువ్వాలు తెచ్చి ఇంక్యుబేటర్ పిడికి ముడేసింది. "తీయాలంటే ముందు నన్నడుగు," అని గదమాయించి, పోతూ పోతూ ఆమె తల నిమిరింది.

మొదటిసారి అంచున చచ్చిన వరస ఈసారి పలక మధ్యలో నిక్షేపంగా బతికింది. "అయితే ఏమీ దొరకనట్టే," అంది ఆమె.

"ఆగు, ఇదేంటి?" మేడమ్ తెర మీద వేలు పెట్టింది. మధ్యలో ఒకే ఒక్క గుంటలో కణాలన్నీ చచ్చి ఖాళీ. పాత పలక తీసి చూస్తే అందులోనూ ఆ జన్యువు గుంట ఖాళీయే. అంచు సంబరంలో ఎవరి కళ్లూ దాని మీద పడలేదు. ఆ జన్యువును అడ్డుకునే మాత్ర వేరే కేన్సర్‌కు వాడుకలోనే ఉంది. పనిచేస్తుందని మాట ఇవ్వలేనంటూనే డాక్టర్ రాసిచ్చాడు.

అక్క కొత్త మాత్ర మింగి పడుకుంది. చెల్లెలు తలుపు ఓరగా తీసి, ఆమె ఊపిరి చూసి మూసింది. కాసేపటికి మళ్లీ తీసింది.

"తలుపు మూయవే కోడిపెట్టా!" కళ్లు తెరవకుండానే అంది అక్క. "నెమ్మదిస్తే నేనే పిలుస్తాగా."

ఆమె తలుపు మూసి, గుమ్మం బయట నేల మీద కూర్చుంది. చేతులు రెండూ ఒళ్లో గట్టిగా ముడుచుకుంది.