ఉప్పుకత్తి కింద మలుపు

పొద్దున ఉద్యోగం కాయితం ఫోన్లోకి వచ్చింది. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. అక్షరాలు గీసే ఉద్యోగమని ఒకటుంటుందని చెబితే అమ్మ నమ్మలేదు. "గీస్తే జీతమిస్తారా? యాడ?" అని మూడుసార్లు అడిగింది. మద్రాసులో అని చెప్పి, స్వీట్లు తెస్తానని దాదాపు పరిగెత్తా. ఆ తొందరలో, రెండేళ్ళుగా తప్పించుకు తిరుగుతున్న కోసపాళయం సందులోకే మళ్ళినట్టున్నా. ముందు వాసన తగిలింది. అప్పుడే మిషన్లోంచి దిగిన ఫ్లెక్సు ఇంకు వాసన, కిరసనాయిల్లో ప్లాస్టిక్ నానబెట్టినట్టు. అంత సంతోషంలోనూ నోరు చేదయింది.

ఆ షాపు సూర్యారావు మామది. మామ అని పిలవడమే గాని మాకు చుట్టం కాదు, యానాం నుంచి వచ్చి మా అరవ ఊళ్ళో ఫ్లెక్సులు వేసుకుంటున్న మనిషి. కాలేజీ మొదటి సంవత్సరంలో మధ్యాహ్నాలు అక్కడ పనికి చేరా. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా నాకు చదవను వచ్చింది అరవం, ఇంగ్లీషు. యానాం వాళ్ళ పెళ్ళి ఫ్లెక్సులు తెరిచి, ఒక్కో తెలుగక్షరాన్నీ తెరంత పెద్దది చేసి, దీని పొట్ట చూడు, దీని నడుము చూడు అంటూ ఆయనే నేర్పాడు. బళ్ళో పలక మీద దిద్దినోళ్ళకు అక్షరాలు ఎలా కనపడతాయో నాకు తెలీదు. నాకు మాత్రం మనుషుల్లా కనపడతాయి. అట్లా వచ్చిన అక్షరాలతోనే కథ రాయడం మొదలుపెట్టా. నాకిష్టమైన ఒక అనిమేలో, అంటే జపాను బొమ్మల సీరియల్లో, కత్తి పట్టే అక్కాచెల్లెళ్ళుంటారు. చెల్లెల్ని సగంలోనే చంపేశారు. తట్టుకోలేక ఆ పిల్లను బతికించి, మా సోలై నగర్ సముద్రం ఒడ్డుకు తెచ్చి, అభిమానులు అల్లుకునే ఫ్యాన్ ఫిక్షన్ కథ రాసి ఆన్‌లైన్లో పెట్టా. పేరు 'ఉప్పుకత్తి'.

దానికి లోగో కావాల్సొచ్చింది, అనిమే పేర్లలాగా చూడగానే కోసేసేది. షాపులో ఉన్న ఫాంట్లన్నీ వేసి చూశా. పెళ్ళి ఫాంటు మరీ బుగ్గల్లా ఉంది, పేపరు ఫాంటు గుమాస్తాలా ఉంది. చివరికి మొనలు తేలిన ఫాంటొకటి పట్టుకుని, అడ్డంగా సాగదీసి, 'క' తలకట్టును కత్తిలా వంచి, ఎర్రనీడ వేసి మామకు చూపించా.

"కత్తి కనపడతంది. అక్షరం ఏదమ్మా?" అన్నాడు. "ఇలా సాగదీస్తే దాన్ని ఫాంటనరు, జీడిపాకం అంటారు."

ప్రింటు తీసి గోడకు తలకిందులుగా అతికించాడు. నిలబెట్టి చూస్తే నీకు నీ కథే కనపడద్ది, తిరగేసి చూస్తే ఏది పడిపోతందో తెలుస్తది అన్నాడు. నిజమే, 'ప్పు' పడిపోతోంది. ఫాంట్లు వదిలేసి చేత్తో గీయమన్నాడు. పదకొండు రోజులు గీశా. రోజూ తిరగేసి అతికించడం, రోజూ ఏదో ఒకటి పడిపోవడం. ఒకరోజు నా 'క' రెండు పెగ్గులేసినట్టుందన్నాడు. పన్నెండో రోజు పెన్సిలు తీసుకుని 'ప్పు' కింద ఒకే ఒక్క మలుపు మార్చాడు. పేరు మొత్తం లేచి నిలబడింది.

"మలుపు సంగతి వదిలెయ్. కత్తి బాగుంది. అది నీదే."

ఆ ఒక్క మాటకు వారం రోజులు అన్నం సహించలేదు నాకు, సంతోషంతో.

నెల తిరక్కుండానే, ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి మిషన్లోంచి ఏదో కబడ్డీ జట్టు ఫ్లెక్సు వరసలు వరసలుగా దిగుతోంది. ముందు ఎర్రనీడ వచ్చింది. దాని వెనకే నా కత్తి, వేరే పేరు తలమీద, అదే వంపుతో. అడుగున చిన్న అక్షరాల్లో, డిజైన్: సూర్యారావు.

"మామా, అది నా కత్తి."

ఆయన ఇంకో ఫ్లెక్సు మూలలకు రింగులు కొడుతున్నాడు. తలెత్తలేదు. "మిషను షాపుది, కరెంటు షాపుది, టైము షాపుది. నీదేముందమ్మా అందులో?"

ఎగతాళి చేస్తున్నాడేమో అనుకున్నా. ఆ అంచు పట్టుకోమన్నాడు. పట్టుకున్నా. అదే ఇప్పటికీ మండుతుంది, ఎత్తుకుపోయినోడికి అంచు పట్టుకుని నిలబడ్డానే అని. మర్నాటి నుంచి పనికి పోలేదు. ఆయన పిలిపించనూ లేదు.

పోయినవారం ఇంటర్వ్యూలో నా బొమ్మలన్నీ చూపించా. గబగబా తిప్పేస్తున్న పెద్దావిడ 'ఉప్పుకత్తి' దగ్గర ఆగింది. నేను కత్తి గురించి చెప్పబోతున్నా. ఆమె వేలు 'ప్పు' కింది మలుపు మీద పెట్టింది.

"ఈ చేయి ఊరికే రాదు. ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

"ఎవరూ లేరు మేడమ్. సొంతంగా."

ఇంట్లో మొదటి చదువు, పైగా సొంతంగా నేర్చుకుందట అని పక్కాయనతో మురిసిపోతూ చెప్పింది. ఉద్యోగం అక్కడే ఖాయమైంది.

ఇవాళ షాపు బయట నిలబడి చూశా. మామ అటు తిరిగి, ఏదో ప్రింటును గోడకు తలకిందులుగా అతికించి, మెడ వంచి చూస్తున్నాడు. జుట్టు బాగా నెరిసింది. పిలవబోయి ఆగా. ఉద్యోగం వచ్చిందని చెబితే ఎట్లా వచ్చిందో కూడా చెప్పాలి. ఆయన మీద కోపం తగ్గలేదు, తగ్గాలని కూడా నాకు లేదు. ఆయన తిరిగేలోపు వచ్చేశా.

దారిలో స్వీట్లు కొని, కాయితం ప్రింటు తీయించి ఇంటికొచ్చా. నా పేరు యాడుందో చూపించమంది అమ్మ. నేను కాయితం చేతిలోకి తీసుకుని చూస్తుంటే నవ్వింది.

"చదువుకున్నదానివి, తలకిందులుగా పట్టుకున్నావేందే?"

అలవాటైపోయిందమ్మా అన్నా. తిరగేసినా నా పేరు బాగానే నిలబడింది. ఇంటర్వ్యూలో ఆవిడతో అన్న 'సొంతంగా' అనే మాటే, పొద్దుటినుంచీ ఎటు తిప్పి చూసినా పడిపోతోంది.