వెనక పోసిన నీళ్లు

ఎనభైలనాటి మాట. వరంగల్‌లో రైలెక్కి నా పక్కన కూర్చున్న పెద్దాయన, సొంత దేశమంటూ లేని కుర్దుల నాయకుడట. తమవాళ్ల గోడు వినిపించడానికి దేశదేశాలు తిరిగే రాయబారి. సొంత ఊళ్లో అడుగుపెడితే మాత్రం జైలేనట. ఇక్కడ చదువుతున్న కొడుకును చూసి వెళ్తున్నాడు.

బండి కదలగానే ఆ కొడుకు ప్లాట్‌ఫారం మీద మగ్గుతో నీళ్లు కుమ్మరించాడు.

"ఓ పిలగా! పోయెటోని ఎనుక నీళ్లు పోస్తరా? పీనుగ లేసినంక చేసే పని గదా అది!" ఎదుటి సీటు అవ్వ గదమాయించింది.

నేను బెరుకుగా ఆ మాట ఆయనకు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన నవ్వాడు. అలా పోస్తే వెళ్లిన మనిషి త్వరగా తిరిగొస్తాడని వాళ్ల నమ్మకమట. తను ఊరు విడిచినరోజు వాళ్లమ్మ కూడా పోసిందట. పదకొండేళ్లయిందట.

అవ్వకు చెప్పాను. ఆమె మరచెంబు మూత తీసి, తాగే నీళ్లన్నీ కిటికీలోంచి పోసేసింది.

"మీ అమ్మ పోసినయి ఎండిపోయినట్టున్నయి బిడ్డా. ఇగ జల్ది ఇంటికి పో."